చీపురుకట్ట, హైడ్రోజన్, మా మేనల్లుడి సర్టిఫికెట్

పోయిన నెల మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. మెకానికల్ డిప్లొమా చేసి రెండేళ్లయింది, ఇంకా సరైన ఉద్యోగం లేదు. "మావయ్యా, గ్రీన్ హైడ్రోజన్ టెక్నీషియన్ కోర్సు పూర్తి చేశాను, సర్టిఫికెట్ వాట్సాప్‌లో పెట్టాను, చూడు" అన్నాడు. చూశాను. నీలం అంచు, బంగారు రంగు ముద్ర, కింద రెండు సంతకాలు, మూలన క్యూఆర్ కోడ్. ఆరు వారాలు ఆన్‌లైన్ పాఠాలు, చివర ఒక రోజు ప్రాక్టికల్. ప్రాక్టికల్లో ఏం చేయించార్రా అని అడిగాను. అరచేతిలో పట్టేంత ఎలక్ట్రొలైజర్, అంటే కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసే యంత్రం ఒకటి టేబుల్ మీద పెట్టారట, నీళ్లు పోసి బ్యాటరీ తగిలిస్తే బుడగలు వచ్చాయట. బుడగలొచ్చాక?

"ఫొటో దిగాం మావయ్యా."

నవ్వబోయి ఆగిపోయాను, వాడి గొంతులో అంత సంతోషం ఉంది మరి. ఒక్క ప్రశ్న మాత్రం వేశాను. హైడ్రోజన్ లైన్లో ఫ్లాంజ్ (పైపుల అతుకు) దగ్గర లీకై మంట అంటుకుందనుకో, మిట్టమధ్యాహ్నం, నీకెలా తెలుస్తుంది? కాసేపు ఆగి "సెన్సర్ ఉంటుంది కదా" అన్నాడు. ఉంటుంది. అది పనిచేయకపోతే? "అది సిలబస్‌లో లేదు మావయ్యా."

నేను పదకొండేళ్లు కాస్టిక్ సోడా ప్లాంటులో పనిచేశాను. ఉప్పునీటిలోంచి కరెంటు పంపితే ఒక పక్క క్లోరిన్ వస్తుంది, ఇంకో పక్క కాస్టిక్, దాంతోపాటు ఎవరూ అడక్కుండానే హైడ్రోజన్, టన్ను కాస్టిక్‌కి 25 కిలోల చొప్పున. అప్పట్లో దానికి, సోలార్ లాంటి పునరుత్పాదక కరెంటుతో తీస్తే గ్రీన్, సహజవాయువు నుంచి తీస్తే గ్రే అని రంగులేమీ లేవు. కొంత బాయిలర్లో కాల్చేవాళ్లం, కొంత సిలిండర్లకి నింపేవాళ్లం, మిగిలింది గాలికి వదిలేవాళ్లం. ఉప్పునీటిలోంచి కరెంటు పంపే సెల్స్ ఉండే హాలుని సెల్ హౌస్ అంటాం. అందులో ఒక పెద్దాయన ఉండేవాడు, చదువు పదో తరగతి, ఉద్యోగం ఆపరేటర్, మేమంతా బాబాయ్ అనేవాళ్లం. నేను చేరిన మొదటి వారం కంప్రెసర్ గది వైపు రౌండ్‌కి వెళ్తుంటే ఆపి, చేతిలో కొబ్బరి ఈనెల చీపురు పెట్టాడు. ఊడవమంటున్నాడనుకుని మొహం మాడ్చుకున్నాను, కొత్త ఇంజినీరుని కదా. "ముందు చీపురు నడవాలి బాబూ, దాని వెనక నువ్వు నడవాలి" అన్నాడు.

హైడ్రోజన్ మంట ఎండలో దాదాపు కనపడదు. పొగ రాదు, మసి ఉండదు, మామూలు మంటలాగా దూరం నుంచే మొహానికి సెగ తగలదు. అందుకని అనుమానం ఉన్నచోట చీపురు ముందుకు చాపి నడుస్తారు, ఈనెలు ఎక్కడ అంటుకుంటే మంట అక్కడ ఉన్నట్టు. ఇప్పుడు అల్ట్రావయొలెట్ డిటెక్టర్లున్నాయి, థర్మల్ కెమెరాలున్నాయి, మళ్లీ చీపుర్లు పట్టుకోమని నేను చెప్పట్లేదు. ఆ చీపురు ఇచ్చిన మనిషి మా కుర్రాడి కోర్సులో ఎక్కడా లేడని చెబుతున్నాను. దేశమంతటా వేల కోట్లతో ఒక కొత్త రంగాన్ని నిలబెడదామనుకుంటున్నప్పుడు, ఆ మనిషిని ఎక్కడ తయారుచేస్తారు, ఎవరు చేస్తారు, దానికి డబ్బెంత పెట్టారు అన్న ప్రశ్న అప్పటినుంచీ నన్ను వదలట్లేదు.

మనిషికి 583 రూపాయలు

కేంద్ర ప్రభుత్వ నేషనల్ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ గురించి మొదటినుంచీ చెప్పను, అందరూ చదివిందే. 2023 జనవరిలో కేబినెట్ ఆమోదించింది, మొత్తం 19,744 కోట్లు. అందులో సైట్ అనే ప్రోత్సాహక పథకానికే 17,490 కోట్లు: ఎలక్ట్రొలైజర్ల తయారీకి 4,440, హైడ్రోజన్ ఉత్పత్తికి 13,050. పైలట్ ప్రాజెక్టులకి 1,466. పరిశోధనకి 400. ఇక నైపుణ్య శిక్షణకి 2024 మార్చిలో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం 2029-30 దాకా మొత్తం కలిపి 35 కోట్లు.

ముప్ఫై అయిదు. సున్నా ఏదైనా మిస్సయిందేమోనని నేనూ రెండుసార్లు చూశాను.

ఇదే మిషన్ 2030 నాటికి 6 లక్షల ఉద్యోగాలు వస్తాయంటోంది. భాగించి చూస్తే మనిషికి 583 రూపాయలు. మంచి సేఫ్టీ బూట్ల జత కూడా రాదు.

ఈ లెక్కలో నా పెంకితనం కొంత ఉందని ఒప్పుకోవాలి. ఆ 6 లక్షల్లో ఎక్కువ భాగం సోలార్ ప్యానెళ్లు బిగించేవాళ్లు, గాలిమరలు నిలబెట్టేవాళ్లు, సివిల్ పనివాళ్లు. మిషన్ కోసం అదనంగా 125 గిగావాట్ల పునరుత్పాదక విద్యుత్తు కావాలి కాబట్టి ఉద్యోగాలు అక్కడే ఎక్కువ. ఎలక్ట్రొలైజర్ హాల్లో ఒక షిఫ్టుకి కావలసింది కొద్దిమందే. పైగా ఐటీఐలకీ అప్రెంటిస్‌షిప్‌లకీ వేరే ఖాతాల్లో డబ్బుంది. ఇవన్నీ నిజమే. కానీ ఆ కొద్దిమందే కదా అసలు మనుషులు. సోలార్ ప్యానెల్ తప్పుగా బిగిస్తే కరెంటు తగ్గుతుంది. హైడ్రోజన్ ఫిట్టింగ్ తప్పుగా బిగిస్తే ఏమవుతుందో కింద చెబుతాను.

ముందు పరిశోధన సంగతి. అక్కడి లెక్క నాకు ఇంకా విచిత్రంగా కనిపిస్తుంది. ఒక కిలో హైడ్రోజన్ తీయడానికి ఇప్పటి ఎలక్ట్రొలైజర్లకి పంపులూ గట్రా కలుపుకుని ఇంచుమించు 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి. సిద్ధాంతం ప్రకారం కావలసింది 39 యూనిట్ల చిల్లర, తక్కినదంతా వేడిగా పోతోంది. యూనిట్ మూడు రూపాయలే అనుకుందాం. 55 యూనిట్లు తినే యంత్రాన్ని 48కి దింపితే కిలోకి 21 రూపాయలు మిగులుతాయి, ప్లాంటు నడిచినన్నాళ్లూ మిగులుతాయి. ప్రభుత్వం ఉత్పత్తికిచ్చే ప్రోత్సాహకం మొదటి ఏడాది కిలోకి గరిష్ఠంగా 50, తర్వాత 40, ఆ తర్వాత 30. మూడేళ్లకి అయిపోతుంది. మూడేళ్లలో ఆరిపోయే దీపానికి 13,050 కోట్లు, ఎప్పటికీ ఆరని దానికి 400. రెండూ కావాలి, కాదనను, గిరాకీ లేకుండా ప్రయోగశాలలు ఒక్కటే ఏమీ చేయలేవు. తూకం ఇంతగా ఒక పక్కకి ఒరిగిపోవడమే నాకు మింగుడు పడట్లేదు.

పది కిలోల తర్వాత పదిహేను లక్షల కిలోలు

2022 ఏప్రిల్లో అస్సాంలోని జోర్హాట్ దగ్గర ఆయిల్ ఇండియా వాళ్లు దేశంలో మొట్టమొదటి గ్రీన్ హైడ్రోజన్ పైలట్ ప్లాంటు నడిపించారు. వంద కిలోవాట్ల యంత్రం, రోజుకి 10 కిలోలు. 2025 జనవరి 8న మన పూడిమడక హబ్‌కి ప్రధాని శంకుస్థాపన చేశారు. 1.85 లక్షల కోట్ల ప్రాజెక్టు, రోజుకి 1,500 టన్నుల హైడ్రోజన్ లక్ష్యం. అంటే 15 లక్షల కిలోలు, జోర్హాట్‌కి లక్షన్నర రెట్లు.

విశాఖ పక్కన ఇంత పెద్దది వస్తోందంటే మనవాళ్లందరిలాగే నాకూ ఛాతీ ఉప్పొంగింది, దాచుకోను. కానీ ఆపరేషన్లో పనిచేసినవాడికి వెంటనే వచ్చే ప్రశ్న ఒకటుంది: పదికీ పదిహేను లక్షలకీ మధ్య మెట్లేవి? వంద కిలోలు, వెయ్యి కిలోలు, పదివేల కిలోలు తీసే ప్లాంట్లు కొన్నేళ్లు నడవాలి, చెడిపోవాలి, బాగుపడాలి, ఆ బాగుచేసినవాళ్లే తర్వాతి ప్లాంటులో షిఫ్ట్ ఇన్‌చార్జులవ్వాలి. మేడ ఎక్కడానికి లిఫ్ట్ కొనుక్కోవచ్చు. అది మధ్యలో ఆగిపోయినప్పుడు మెట్లెక్కడున్నాయో తెలిసినవాడు ఒకడు ఉండాలిగా.

గుజరాత్‌లోని కావాస్‌లో ఎన్టీపీసీ టౌన్‌షిప్ గ్యాసు పైపుల్లో హైడ్రోజన్ కలపడం, లేహ్‌లో బస్సులు నడపడం, ఇవన్నీ ఈ మధ్యమెట్లే, మంచి పనులే. ఇలాంటివి ఇంకా పదింతలు కావాలంటాను.

నంగల్ గుర్తుందా

ఇది మనకి కొత్త రంగమన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. పంజాబ్‌లోని నంగల్లో 1960ల మొదట్లోనే భాక్రా డ్యామ్ కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసి, దాంతో ఎరువులు చేసేవారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే జలవిద్యుత్తుతో గ్రీన్ అమోనియా. ఆ రోజుల్లో ప్రపంచంలోని పెద్ద ఎలక్ట్రొలైసిస్ ప్లాంట్లలో అదొకటి. ఆ హైడ్రోజన్‌ని ఆధారం చేసుకునే 1962లో దేశంలో మొదటి భారజల కర్మాగారం కూడా అక్కడే వచ్చింది. తర్వాత ఎరువుల ఫ్యాక్టరీ ఫర్నేస్ ఆయిల్‌కి మారింది, ఆ మీదట సహజవాయువుకి. ఎలక్ట్రొలైజర్లు పోయాయి.

యంత్రాలు పోవడం సరే, వాటికి వయసుంటుంది. అన్నేళ్లపాటు వందల సెల్స్‌ని షిఫ్టుల వారీగా కాచుకున్న మనుషులు తెలుసుకున్నదంతా ఎటు పోయింది? పొటాష్ ద్రావణం ఏ వేడి దగ్గర గాస్కెట్‌ని తినేస్తుందో, డయాఫ్రం మీద ముడతలు ఎందుకొస్తాయో, షట్‌డౌన్ తర్వాత నైట్రోజన్ పర్జ్ తొందరపడి ఆపితే ఏమవుతుందో, వాళ్ల వేళ్లకి తెలుసు. వాళ్లలో చాలామంది రిటైరయ్యే ఉంటారు, కొందరు ఇప్పుడు లేకపోవచ్చు కూడా. ఆ అనుభవం పాఠ్యపుస్తకంగా మారి ఏ పాలిటెక్నిక్‌కైనా చేరి ఉంటే మనం ఇప్పుడు మొదటి తరగతిలో కూర్చునేవాళ్లం కాదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. కారైకుడిలో ఉన్న సెక్రి, అంటే కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ, కాస్టిక్ పరిశ్రమ కోసం టైటానియం ఆనోడ్లు (సెల్‌లో క్లోరిన్ పుట్టే వైపు ఉండే ఎలక్ట్రోడ్లు) తయారుచేసి పరిశ్రమకిచ్చింది. గ్రాఫైట్ ఆనోడ్లు అరిగిపోతూ ఉంటే వారం వారం ఎలక్ట్రోడ్ల మధ్య దూరం సరిచేసుకునే అవస్థ పడ్డవాళ్లకి ఆ మార్పు విలువ తెలుస్తుంది. అది సాధ్యమైందంటే ఒకటే కారణమనుకుంటాను: వాటితో బాధపడే పరిశ్రమ అప్పటికే నడుస్తోంది, ఫలానాచోట అరుగుతోంది అని చూపించడానికి చేతిలో అరిగిన ముక్క ఉంది. శాస్త్రవేత్తకి కావలసింది ఆ అరిగిన ముక్కే.

ఓ బోల్టు, ఓ మబ్బు

ఇప్పుడు ఫిట్టింగ్ కథ. 2019 జూన్ 10న నార్వేలో ఓస్లో పక్కన సాండ్వికాలో హైడ్రోజన్ బంకు పేలింది. నార్వేవాళ్లు మనకంటే ముందునుంచీ, 1920ల నుంచీ ఎలక్ట్రొలైజర్లు చేస్తున్నవాళ్లు. దర్యాప్తులో తేలిన కారణం ఏమిటంటే, హై ప్రెషర్ ట్యాంకు ప్లగ్గుకి బోల్టులు బిగించాల్సినంత బిగించలేదు. డిజైను తప్పు కాదు, లోహం తప్పు కాదు, టార్క్ రెంచ్ పట్టుకున్న చెయ్యి దగ్గర తప్పు జరిగింది. ఆ తర్వాత చాలా దేశాల్లో అదే కంపెనీ బంకులు కొన్నాళ్లు ఆపుకోవాల్సి వచ్చింది.

దానికి పద్ధెనిమిది రోజుల ముందే, మే 23న, దక్షిణ కొరియాలో గాంగ్నుంగ్ దగ్గర ఇంకొకటి జరిగింది. అది ప్రభుత్వ పరిశోధన ప్రాజెక్టు, సోలార్ కరెంటుతో హైడ్రోజన్ తీసి నిలవచేసేది. ట్యాంకు పేలి ఇద్దరు పోయారు, ఆరుగురు గాయపడ్డారు. హైడ్రోజన్ ట్యాంకులోకి ఆక్సిజన్ చేరింది. ఎందుకు చేరిందన్నదే మనం చదువుకోవాల్సిన పాఠం, ఎందుకంటే మనం కట్టబోయేవీ సోలార్‌తో నడిచేవే. ఎలక్ట్రొలైజర్లో రెండు గ్యాసుల మధ్య ఒక పల్చటి పొర ఉంటుంది, దానిగుండా ఎప్పుడూ కొద్దికొద్దిగా ఆక్సిజన్ ఇటువైపు జారుతూనే ఉంటుంది. యంత్రం నిండు లోడులో ఉంటే బోలెడు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆ జారింది అందులో లెక్కలోకి రాదు. మబ్బు పట్టి లోడు పడిపోతే హైడ్రోజన్ తగ్గుతుంది, జారేది మాత్రం తగ్గదు. శాతం పెరిగిపోతుంది. అక్కడ యంత్రాన్ని నడపకూడనంత తక్కువ లోడులో నడిపారు, ఆక్సిజన్‌ని తీసేసే పరికరం పెట్టలేదు, పెరిగిన శాతాన్ని పట్టించుకోలేదు.

చైనాలో కూచా దగ్గర 2023లో మొదలైన 260 మెగావాట్ల భారీ ప్లాంటుకి కూడా ఈ తలనొప్పి తప్పలేదు. ఎలక్ట్రొలైజర్లు సగం లోడు కంటే కిందికి క్షేమంగా దిగలేకపోతున్నాయని వార్తలొచ్చాయి. అమ్మినప్పుడు 30 శాతం దాకా దిగొచ్చన్నారట.

సీమలో సోలార్ ప్లాంటు మీద శ్రావణం మబ్బు అడ్డం వచ్చినప్పుడు ఎలక్ట్రొలైజర్ ఎలా ప్రవర్తిస్తుంది, బయట 44 డిగ్రీల ఎండ కాస్తుంటే కూలింగ్ ఏమవుతుంది, రోజుకి పాతికసార్లు లోడు ఎక్కి దిగితే నికెల్ పూత ఎన్నాళ్లుంటుంది? ఇవి మన ప్రశ్నలు. జర్మనీవాడో చైనావాడో మన తరఫున చేసి పెట్టడు. ఇవి పీహెచ్‌డీ ప్రశ్నలూ, షిఫ్ట్ ఆపరేటర్ ప్రశ్నలూ ఒకేసారి. ఆ ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టకపోతే శాస్త్రవేత్త కృత్రిమంగా తయారుచేసిన మబ్బు మీద పేపర్ రాస్తాడు, ఆపరేటర్ నిజం మబ్బు చూసి అలారం నొక్కి ఊరుకుంటాడు.

లాగ్ పుస్తకంలో ఒక లైను

ఈ మాటలన్నీ నా స్నేహితుడొకడితో అన్నాను, వాడు పునరుత్పాదక ప్రాజెక్టుల్లోనే ఉన్నాడు. వాడి జవాబు సూటిగా ఉంది. "కొనుక్కుంటే పోలా? యంత్రంతోపాటు వారంటీ వస్తుంది, పాడైతే వాళ్ల ఇంజినీరే వస్తాడు. మొబైల్ ఫోన్లు మనం కనిపెట్టామా? వాడుకుంటూ నేర్చుకుంటాం." ఈ వాదనని తేలిగ్గా తీసిపారేయలేను. సోలార్‌లో జరిగింది అదే. విదేశీ సెల్స్ కొని ముందు గిగావాట్లు ఎక్కించాం, ధరలు పడ్డాయి, ఇప్పుడు మెల్లగా తయారీ మొదలుపెట్టాం. అది తప్పని ఎవరనగలరు?

కానీ నాకొక పాత సంగతి గుర్తొస్తుంది. మా ప్లాంటులో ఒకసారి సెల్ వోల్టేజీలు రోజురోజుకీ పెరగడం మొదలుపెట్టాయి. పెరిగిన ప్రతి మిల్లీవోల్టూ కరెంటు బిల్లే. సెల్‌లో ఉండే పల్చటి పొర, మెంబ్రేన్, సరఫరా చేసిన విదేశీ కంపెనీకి మెయిళ్లు పెట్టాం, వాళ్ల ఇంజినీరు రావడానికి వీసా, టికెట్టు, సెలవులు అన్నీ కలిపి దాదాపు మూడు వారాలు పట్టింది. అన్నాళ్లూ లోడు తగ్గించి నడిపాం. ఆయన వచ్చి ఒక్క సెల్ కూడా విప్పలేదు. కంట్రోల్ రూములో కూర్చుని లాగ్ పుస్తకాలు తెమ్మన్నాడు. ఉప్పునీటిని శుద్ధిచేసే రెసిన్ కాలమ్ రీజనరేషన్ రికార్డు చూస్తూ, ఒక పేజీ దగ్గర ఆగి ఇక్కడ మీ భాషలో ఏదో రాసుంది, ఏమిటది అని అడిగాడు. బాబాయ్ చేతిరాత. "రెండో కాలం తేడాగా ఉంది, త్వరగా అలిసిపోతోంది, చూడాలి." పదిహేడు రోజుల కిందటి తేదీ.

వోల్టేజీ పెరిగితే మెగ్నీషియం, ఎఫిషియెన్సీ పడిపోతే కాల్షియం ఉప్పునీటిలో మిగిలిపోయినట్టు అని సెల్ హౌస్‌లో ఒక మోటు సూత్రం ఉంది. బాబాయ్‌కి మెగ్నీషియం పరమాణు భారం తెలీదు, కాలమ్ అలిసిపోతోందని తెలుసు. ఆ లైను కింద నా సంతకం ఉంది. చదవకుండానే పెట్టాను. ఈ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే రాస్తున్నాను.

ఎలక్ట్రొలైజర్లకీ ఇదే జబ్బు ఉంటుంది. పెమ్ (ప్రోటాన్ ఎక్స్‌చేంజ్ మెంబ్రేన్) రకానికైతే నీళ్లలో లోహపు అయాన్లు ఏ కొంచెం ఉన్నా మెంబ్రేన్ మెల్లగా చచ్చిపోతుంది. యంత్రాన్ని కొనుక్కోవచ్చు. "తేడాగా ఉంది" అని పట్టేసే ముక్కునీ, ఆ మాట విని పట్టించుకునే ఇంజినీరునీ కొనుక్కోలేం. ఇందులో రెండోది పోగొట్టినవాణ్ణి కాబట్టే అంత గట్టిగా చెబుతున్నాను.

నాకున్న అసలు సందేహం

స్నేహితుడిది కాదు నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే వాదన. ఇది: ఉద్యోగాలే లేనప్పుడు శిక్షణ దేనికి? చాలా ప్రాజెక్టులకి ఒప్పందాలున్నాయి, శిలాఫలకాలున్నాయి, సరుకు కొనేవాడు లేడు. 2025లో ఎరువుల కంపెనీల కోసం జరిపిన గ్రీన్ అమోనియా తొలి వేలంలో కిలో 55 రూపాయల చిల్లరకి దిగిరావడం ఆశ పుట్టించింది గానీ, అదింకా ఆరంభమే. సోలార్ కోసం సూర్యమిత్ర అని ఒక శిక్షణ పథకం నడిచింది, 50 వేల పైచిలుకు మంది నేర్చుకున్నారు, ఉద్యోగం దొరికింది సుమారు సగం మందికే. హైడ్రోజన్‌కి ఇప్పుడే లక్షమందికి సర్టిఫికెట్లిస్తే లక్షమంది మా మేనల్లుళ్లు తయారవుతారు, అంతే. ఆ 35 కోట్లని 350 చేయమని అడగడానికి నాకు నోరు రానిది ఇందుకే. ఇప్పుడున్న పద్ధతిలో డబ్బు పదింతలైతే నీలం అంచు సర్టిఫికెట్లు పదింతలవుతాయి.

అందుకని నేను అడిగేది వేరు. నైపుణ్యానికో డబ్బా, పరిశోధనకో డబ్బా, ఉత్పత్తికో డబ్బా పెట్టకుండా మూడింటినీ ఒకే గేటు లోపల పెట్టండి. సైట్ కింద ప్రోత్సాహకం తీసుకునే ప్రతి ప్లాంటులోనూ పక్కన ఒక చిన్న లైను ఉండాలి, మెగావాటు లోపుది, చెడిపోయినా ఉత్పత్తికి నష్టం లేనిది. అక్కడ అప్రెంటిస్ ఏడాదిపాటు విప్పాలి, బిగించాలి. మెటీరియల్స్ చదివే విద్యార్థి తన పూత పూసిన ఎలక్ట్రోడ్‌ని అదే లైన్లో తగిలించి అయిదువేల గంటలు నడిపి చూసుకోవాలి. అరిగిన ముక్క ల్యాబుకి పోవాలి. లోపాల రికార్డు కంపెనీ రహస్యమని దాచుకోకుండా, పేరు తీసేసైనా సరే, మిగతావాళ్లతో పంచుకోవాలి. కొరియావాళ్ల దర్యాప్తు బయటికి రాకపోతే ఆ మబ్బు కథ మనకి తెలిసేదా? ఎలక్ట్రొలైజర్ తయారీదార్లని స్థానిక విలువ ఎంత శాతం అని ఎలాగూ లెక్క అడుగుతున్నారు కదా, ఏడాదికి ఎంతమందిని తయారుచేశావు అని కూడా ఇంకో గడి పెట్టి అడగొచ్చు.

కంపెనీలు గొణుగుతాయి, తెలుసు. ఖర్చు అంటాయి, సేఫ్టీ అంటాయి, విద్యార్థుల్ని లోపలికి రానిస్తే ఇన్సూరెన్సు ఒప్పుకోదంటాయి. ఆఖరిదాంట్లో కొంత నిజముంది, దానికి నియమాలు మార్చాలి. ప్రజల డబ్బు తీసుకుంటున్నప్పుడు ఆ మాత్రం చేయకపోతే ఎలా?

ఇంకో పని ఈ రోజే మొదలుపెట్టొచ్చు, పెద్ద ఖర్చు కూడా కాదు. దేశంలో కాస్టిక్ ప్లాంట్లున్నాయి, ఎరువుల ఫ్యాక్టరీలున్నాయి, రిఫైనరీలున్నాయి. ఏడాదికి 50 లక్షల టన్నులకి పైగా హైడ్రోజన్ మనం ఇప్పటికే వాడుతున్నాం, దాదాపు అంతా సహజవాయువు లాంటి శిలాజ ఇంధనాల నుంచి తీసిందే. అణువుకి తన పుట్టుక గుర్తుండదు, లీకయ్యే తీరు ఒకటే. అక్కడ ముప్ఫయ్యేళ్లు దాంతో కాపురం చేసినవాళ్లున్నారు. రిటైరయ్యేలోగా వాళ్లని ఇన్‌స్ట్రక్టర్లుగా తీసుకోండి. బీఈడీ అడక్కండి, పీపీటీ అడక్కండి, చెప్పేది రికార్డు చేసుకోండి చాలు. బాబాయ్ పోయి నాలుగేళ్లయింది.

మళ్లీ బుడగలు

పోయిన ఆదివారం మేనల్లుడు ఇంటికొచ్చాడు. నా దగ్గర అరంగుళం స్టీల్ ట్యూబు ముక్కా, రెండు ఫెర్రూల్స్ (ట్యూబుని పట్టేసే చిన్న రింగులు) ఉండే కంప్రెషన్ ఫిట్టింగులూ పాతవి ఉంటే బయటికి తీశాను. ఆన్‌లైన్ కోర్సులో వీటి బొమ్మ ఉందట. చేత్తో బిగిసేదాకా తిప్పి, నట్టు మీద పెన్నుతో గీత గీసి, అక్కణ్ణుంచి స్పానర్‌తో సరిగ్గా ఒకటింబావు చుట్టు, అంతకి తగ్గకూడదు, మించకూడదు అని చెప్పాను. వాడు గీత గీయడం మర్చిపోయాడు. బలంగా ఉన్నాడు కాబట్టి రెండు చుట్లు తిప్పేశాడు.

రెండో చివర ప్లగ్గు వేసి, వీధి చివర పంక్చర్ షాపుకి తీసుకెళ్లి గాలి పట్టించాం. షాపువాడు మమ్మల్ని అనుమానంగా చూశాడు. సబ్బునీళ్లు రాస్తే నట్టు దగ్గర ముందు ఒకటి, తర్వాత గుత్తిలాగా బుడగలు.

"వచ్చాయిరా బుడగలు, ఫొటో దిగుతావా?" అన్నాను.

వాడు మాట్లాడలేదు. ఆ ముక్క కోసేసి, అంచు ఆకురాయితో నునుపు చేసి, కొత్త ఫెర్రూల్స్ వేసి, ఈసారి గీత గీసి బిగించాడు. ఇంకా ఒక్క బుడగ, చాలా చిన్నది, పదిసెకన్లకోసారి. షాపువాడు కూడా గిరాకీ వదిలేసి వచ్చి వంగి చూస్తున్నాడు. మూడోసారికి చీకటి పడింది. ఫోన్ టార్చ్ వేసుకుని నిమిషం చూశాం, రెండు నిమిషాలు చూశాం, ఏమీ రాలేదు. అయినా వాడు లేవలేదు. "ఇంకాసేపు చూద్దాం మావయ్యా" అన్నాడు.